కట్టేవాళ్ళు సరే, కడిగేవాళ్ళెవరు?

కొవ్వాడ గురించి మా శ్రీకాకుళం జనం నోరెత్తితే చాలు, మన ఐటీ సోదరుల దగ్గర ఒక రెడీమేడ్ జవాబు ఉంటుంది. "అమెరికా టెక్నాలజీ బాబూ, భయమెందుకు?" అని. మాది నరసన్నపేట. రణస్థలం మండలంలోని కొవ్వాడ మాకు గంటన్నర ప్రయాణం. అక్కడ వెస్టింగ్‌హౌస్ వారి ఏపీ1000 రియాక్టర్లు 6, ఒక్కోటి 1208 మెగావాట్లు, పెడతామని చెప్పి మత్స్యకారుల ఊళ్ళని కదిలించే పని ఏళ్ళ కిందటే మొదలెట్టారు. సరే, అమెరికా సంగతే మాట్లాడుకుందాం.

సియాటిల్‌లోనో రెడ్‌మండ్‌లోనో కూర్చుని ఈ జవాబు చెప్పేవారు ఒక శనివారం కారు తీసి నాలుగు గంటలు వెళ్ళండి. కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్ వస్తుంది. నాగసాకి మీద వేసిన బాంబుకి ప్లుటోనియం అక్కడే తయారైంది. అందుకోసం 1943లో అక్కడి రైతుల్ని లేవగొట్టారు, కొందరికైతే నెల రోజులే గడువు (భూసేకరణ భాష ఏ దేశంలోనైనా ఒకటే!). 1987లో ఉత్పత్తి ఆపేశారు. వాడేసిన ఇంధనాన్ని ఆమ్లంలో కరిగించి ప్లుటోనియం తీసుకోగా మిగిలిన రేడియోధార్మిక బురద మాత్రం అక్కడే ఉండిపోయింది. 177 భూగర్భ ట్యాంకులు, 5.6 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 21 కోట్ల లీటర్లు. వాటిలో 149 ట్యాంకులు ఒంటి పొరవి, మహా అయితే పాతికేళ్ళు నిలబడితే చాలనుకుని కట్టినవి. అరవైకి పైగా లీకయ్యాయని వాళ్ళే ఒప్పుకుంటున్నారు. 2021లో ఇంకోటి కారుతోందని ప్రకటించారు.

శుభ్రం చేస్తామని 1989లోనే గడువులతో సహా ఒప్పందం రాసుకున్నారు. ఆ వ్యర్థాన్ని గాజుగా మార్చే ప్లాంటు 2002లో మొదలెట్టారు. మొదటి గాజు ఎప్పుడొచ్చింది? 2025 అక్టోబరులో! అదీ తీవ్రత తక్కువున్న భాగానికే. మన రిలీజు రెండు వారాలు జరిగితే క్లయింటు మనల్ని నమిలేస్తాడు. ఇక ఖర్చు... 2019 అంచనా ప్రకారం 32,300 కోట్ల నుంచి 67,700 కోట్ల డాలర్లు. పై అంకె కింది అంకెకి రెట్టింపు ఉంటే దాన్ని ఎస్టిమేషన్ అనరు, చేతులెత్తేయడం అంటారు.

ఆ ప్లాంటు డిజైన్లో లోపాలున్నాయని చెప్పిన సీనియర్ ఇంజనీరు వాల్టర్ టమొసైటిస్‌ని 2010లో ప్రాజెక్టు నుంచి తప్పించి బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టారు. 2015లో 41 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. కోర్టులు, సెనేట్ విచారణలు ఉన్న దేశంలో ఇదీ పరిస్థితి. మన దగ్గర ఇలాంటి ఇంజనీరు గతేమిటో మీరే ఊహించుకోండి.

బాంబు వేరు, కరెంటు వేరు అంటారు. నిజమే. కొవ్వాడ కింద హాన్‌ఫర్డ్ ట్యాంకులు వస్తాయని నేను అనడం లేదు. నేనడిగేది బాధ్యత గురించి. హాన్‌ఫర్డ్‌లో తయారుచేయించిన ప్రభుత్వమే శుభ్రం చేయించాలి, "తర్వాత చూద్దాం" అన్న మాట మీదే అంతా నడిచింది. మనదీ అదే దారి. 2012లో కాగ్ ఏం చెప్పిందో చూడండి. దేశంలో ఏ ఒక్క అణువిద్యుత్ కేంద్రానికీ, ముప్పై ఏళ్ళు నడిచినవాటికీ, మూసేసినవాటికీ కూడా, విప్పి శుభ్రం చేసే ప్రణాళిక లేదట. అందుకోసమని యూనిట్‌కి వసూలు చేస్తున్నది 2 పైసలు. 1991 నాటి రేటు. అది సరిపోతుందా లేదా అని కూడా ఎవరూ తిరగేసి చూడలేదట.

ఒక చిన్న లెక్క వేద్దాం. కొవ్వాడ 6 రియాక్టర్లూ 80 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి దాదాపు 5,000 కోట్ల యూనిట్లు. 2 పైసల చొప్పున 100 కోట్ల రూపాయలు. అరవై ఏళ్ళకి 6,000 కోట్లు, అంటే రియాక్టరుకి వెయ్యి కోట్లు, డాలర్లలో 12 కోట్లు కూడా దాటదు. అమెరికాలో ఒక్క పెద్ద రియాక్టరు విప్పడానికి 50 కోట్ల డాలర్లు మామూలు మాట. వడ్డీ కలవదా అంటారేమో, మరి ధరలు పెరగవా?

ఇల్లు, పొలం, పడవ అన్నిటికీ రేటు కట్టి కొవ్వాడ వాళ్ళకి పరిహారం లెక్క చెప్పారు కదా. ఈ లెక్క కూడా చెప్పండి. రియాక్టర్లు ఆగాక ఎవరు విప్పుతారు, వాడిన ఇంధనం ఎక్కడ దాస్తారు, డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుంది? పునాది పడకముందే, తెలుగులో, సంతకంతో. అంతవరకూ అక్కడ ఒక్క రాయి వేసే హక్కు కూడా వాళ్ళకి లేదు.