ఫోను అవతల ఉన్న మనిషి గురించి

మనసు కుదురుగా లేనివారు ఎవరైనా, పగలైనా రాత్రైనా, 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. టెలీ మానస్ అనే ఈ సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించింది. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి పెద్ద దిక్కు. తెలుగుతో కలిపి 20 భాషల్లో ఈ సేవ అందుతోంది. ఇప్పటికే 20 లక్షలకు పైగా ఫోన్లు వచ్చాయి. ఇంతమంది నోరు విప్పి తమ బాధ చెప్పుకున్నారంటే అది మంచి వార్తే. అయితే ప్రతి ఫోనుకూ రెండు కొసలుంటాయి. ఒక కొసన ఏడుస్తున్న మనిషి గురించి మనం ఈమధ్య మాట్లాడుతున్నాము. రెండో కొసన కూర్చుని వింటున్న మనిషి గురించి దాదాపు ఎవరూ మాట్లాడడం లేదు. ఈ వారం మేము ఆ మాట ఎత్తదలిచాము.

ఆ మనిషి పని ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. పరీక్షా ఫలితాలు వచ్చిన రాత్రి ఒక విద్యార్థి ఫోన్ చేస్తాడు. అతనితో ముక్కాలు గంట మాట్లాడి పెట్టేసరికి, భర్త తాగి కొట్టాడని ఒక ఇల్లాలు. ఆ తరువాత అప్పులవాళ్లు రేపు ఇంటికి వస్తారని ఒక రైతు. ఫోన్ పెట్టేశాక ఆ విద్యార్థి నిద్రపోయాడో లేదో, ఆ ఇల్లాలు పుట్టింటికి చేరిందో లేదో వినేవారికి చాలాసార్లు తెలియదు. విన్నది ఇంట్లో చెప్పుకోకూడదు, అది వృత్తి ధర్మం. అన్నీ కడుపులో పెట్టుకుని ఇంటికి వెళ్లాలి, మరునాడు మళ్లీ రావాలి.

మామూలు రోజుల్లోనే ఇలా ఉంటే విపత్తు వేళ సంగతి వేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నిమ్హాన్స్ జాతీయ స్థాయిలో ఒక హెల్ప్‌లైన్ తెరిచింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో అల వచ్చేసరికి ఆక్సిజన్ దొరకక ఆత్మీయులను పోగొట్టుకున్నవారు, కడసారి ముఖం కూడా చూడలేకపోయినవారు ఎందరో. వరద వచ్చినప్పుడు ఓదార్చేవారు గట్టు మీద నిలబడి చెయ్యి అందించగలరు. కరోనా కాలంలో వారూ ఆ నీటిలోనే ఉన్నారు. సొంత ఇంట్లో జ్వరం, సొంత బంధువుల్లో మరణం, చెవి దగ్గర వేరొకరి దుఃఖం. కౌన్సిలర్లు, సైకియాట్రీ వార్డు నర్సులు, సోషల్ వర్కర్లు, సైకాలజిస్టులు, డాక్టర్లు అందరిదీ అదే స్థితి.

ఇతరుల గాయాలను రోజూ వినేవారికి ఆ గాయమే కొంత అంటుకుంటుందని ఈ రంగంలోని వారికి ఎప్పటి నుంచో తెలుసు. నిద్ర పట్టదు. చిన్న శబ్దానికి ఉలిక్కిపడతారు. లేదా మనసు మొద్దుబారి, ఎదుటివారి ఏడుపు వినిపించినా ఏమీ అనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ‘బర్నౌట్’ అనే మాటకు చోటిచ్చింది. దానిని రోగంగా కాక, చక్కదిద్దకుండా వదిలేసిన దీర్ఘకాల పని ఒత్తిడి ఫలితంగా వివరించింది. అంటే దానికి మూలం పనిచేసే చోట ఉంది. కాబట్టి మందు కూడా అక్కడే మొదలు కావాలి.

మన దేశంలో ఈ పనివారు ఎందరున్నారు? ఒక అంచనా ప్రకారం లక్ష మందికి 0.75 సైకియాట్రిస్టులు. కనీసం ముగ్గురుండాలన్నది నిపుణుల మాట. 20 లక్షల జనాభా ఉన్న జిల్లాకు సగటున 15 మంది, అందులోనూ ఎక్కువమంది పట్టణాల్లోనే. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సిబ్బంది సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు తెచ్చేందుకు ప్రభుత్వాలు పదేళ్లలో ప్రయత్నించాలని చెప్పింది. ఆ గడువు 2028లో ముగుస్తుంది.

ఈలోగా పని పెరుగుతూనే ఉంది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలన్నది. ఇది ఎంతో కాలంగా కావలసిన ఆదేశం. అయితే ఒక కళాశాలలో ఒంటరిగా కూర్చునే ఆ కౌన్సిలరుకు బరువెక్కిన రోజున ఎవరు దిక్కు? ఆ ప్రశ్నకు యాజమాన్యాలు ఇప్పుడే జవాబు సిద్ధం చేసుకోవాలి.

చేయవలసింది ఏమిటో తెలియక ఆగిపోయిన విషయం కాదిది. విపత్తులలో మానసిక సేవల గురించి ఐక్యరాజ్యసమితి సంస్థలు, సహాయ సంస్థలు కలిసి 2007లో రూపొందించిన మార్గదర్శకాలలో, సిబ్బంది, వాలంటీర్ల మనసును కాపాడడానికే ఒక ప్రత్యేక భాగముంది. దాని సారం సామాన్యమైనదే: పని గంటలకు హద్దు, తప్పనిసరి సెలవు, తోటివారి అండ, అవసరమైనవారికి వైద్యం. ఘోరం చూసి వచ్చినవారిని వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పమని బలవంతపెట్టడం మంచిది కాదని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఏడాదికొక యోగా శిబిరమో, గోడ మీద ఒక పోస్టరో పెట్టి పని అయిపోయిందనుకోవడమూ చాలదు. అనుభవజ్ఞులైన పెద్దలతో వారం వారం కూర్చుని కష్టమైన కేసుల గురించి మాట్లాడుకునే సమయాన్ని డ్యూటీలో భాగంగా లెక్కించాలి. కాంట్రాక్టు మీద ఉన్నవారికి జీతంతో కూడిన సెలవు ఉండాలి.

మరొకటి రహస్యం. న్యూయార్క్ డాక్టరు లోర్నా బ్రీన్ 2020 ఏప్రిల్‌లో, కరోనా రోగులకు సేవచేసిన కొద్ది వారాలకే ఆత్మహత్య చేసుకున్నారు. సహాయం కోరితే వృత్తికే ముప్పు వస్తుందని ఆమె భయపడ్డారని కుటుంబ సభ్యులు చెప్పారు. ఆమె పేరిట అమెరికాలో 2022 మార్చిలో ఒక చట్టం వచ్చింది. అక్కడి ఆసుపత్రుల్లో మన తెలుగువారూ ఎందరో ఉన్నారు. ఇక్కడైనా అక్కడైనా, తన పై అధికారికి తెలియకుండా సహాయం పొందే దారి లేకపోతే ఎవరూ ఆ తలుపు తట్టరు.

రోగులకే దిక్కు లేనప్పుడు వైద్యుల గోడు దేనికని కొందరు అడగవచ్చు. బావి ఒక్కటే ఉన్న ఊరిలో ఆ బావిని ఎండబెట్టుకుంటామా? ఒక అనుభవమున్న కౌన్సిలరు ఉద్యోగం వదిలి వెళ్లిపోతే, ఆమె వినవలసిన వందల గొంతులు వినేవారు లేకుండా పోతాయి.

ఇక మన సంఘాల మాట. మన కుటుంబాల్లో నర్సులు, సోషల్ వర్కర్లు, కౌన్సిలర్లు ఉన్నారు. వారితో మనం ఏమంటున్నాము? “నలుగురికీ చెప్పేదానివి, నీకేంటమ్మా బాధ?” అంటాము. ఆరాధన ముగియగానే చుట్టూ చేరి మన సమస్యలు విప్పుతాము. వారు అలసిపోయామంటే ప్రార్థన తగ్గిందేమోనని అనుమానిస్తాము. పాస్టరు గారి పరిస్థితీ ఇదే. చావు ఇంటికీ, గొడవపడ్డ ఇంటికీ, ఉరి దాకా వెళ్లిన యువకుడి ఇంటికీ మొదట వెళ్లేది ఆయనే. ఆయన ఎవరితో చెప్పుకుంటారో మనం ఎప్పుడైనా అడిగామా?

ఉదయం నుంచి సాయంత్రం వరకు ఒక్కడే కూర్చుని ప్రజల వ్యాజ్యాలు వింటున్న మోషేను చూసి, ఆయన మామ యిత్రో ఆ పద్ధతినే తప్పుపట్టాడు. మోషే భక్తిని ఆయన శంకించలేదు. ఇలాగైతే నీవూ ప్రజలూ నలిగిపోతారని చెప్పి, పనిని పంచుకునే ఏర్పాటు చూపించాడు. మన సంఘ పెద్దలు చేయగలిగింది ఇదే. పాస్టరు గారికి వారంలో ఒక రోజు ఫోన్ లేని విశ్రాంతి ఇవ్వండి. తన బాధ చెప్పుకోవడానికి సంఘం బయట ఒక నమ్మకస్థుణ్ణి చూసుకోనివ్వండి. మీ మధ్య ఉన్న నర్సమ్మను, కౌన్సిలరు తమ్ముణ్ణి భోజనానికి పిలవండి, ఏమీ అడగకండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వారికి వచ్చినా, మీకు వచ్చినా, ఆ నంబరు అదే: 14416. ఆ ఫోను ఎత్తే గొంతు రేపు కూడా అక్కడ ఉండాలంటే, ఈరోజు ఆ గొంతును కాపాడవలసింది మనమే.