ఇంట్లో ఒకరికి కిడ్నీ చెడిందా? మిగతావాళ్లు మేలుకోవాలి

నల్లగొండ జిల్లా చిట్యాల చుట్టుపక్కల షుగర్ మాటెత్తితే రెండు జవాబులు వస్తాయి. ‘మా నాయన ముప్పై ఏండ్లు షుగర్‌తోనే బతికిండు, ఏం కాలే’ అన్నది ఒకటి. ‘అన్నకు కిడ్నీలు పోయినయ్, మా రక్తంలనే ఉంది, ఏం చేస్తం’ అన్నది రెండోది. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే.

వంశం పాత్ర ఉన్నమాట నిజం. షుగర్ ముప్పు పెంచే టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువు ప్రభావం మనవాళ్లలోనూ ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2007లో చూపారు. అయితే షుగర్ రావడం వేరు, అది కన్ను, కిడ్నీ, నరాల్లోని సన్నని రక్తనాళాలను తినేయడం వేరు. ఈ రెండో ముప్పు కూడా కుటుంబాల్లో పాకుతుంది. 1989లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న అధ్యయనం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇద్దరికీ షుగర్ ఉన్న కుటుంబాలను చూసింది. ఒకరికి కిడ్నీ చెడిన ఇళ్లలో 83 శాతం మంది తోబుట్టువులకూ ఆ జబ్బు కనిపించింది. కిడ్నీ బాగున్నవారి తోబుట్టువుల్లో అది 17 శాతమే.

అలాగని ఇది నుదుటి రాత కాదు. ఈ ముప్పును ఒక్క జన్యువు తేల్చదు. కాబట్టి జన్యు పరీక్షలంటూ డబ్బు తగలేయొద్దు. షుగర్‌ను గట్టిగా అదుపులో పెడితే మొదటి రకం (టైప్ 1) షుగర్ రోగుల్లో కంటి రెటీనా దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గిందని అమెరికా, కెనడాల్లో జరిగిన పరిశోధన 1993లోనే నిరూపించింది. మనదగ్గర ఎక్కువగా ఉండే రెండో రకంలోనూ అదుపు వల్ల సన్నని నాళాల జబ్బులు నాలుగో వంతు తగ్గాయని 1998లో బ్రిటన్ పరిశోధన తేల్చింది.

చిక్కేమిటంటే, ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. కాళ్లు ఉబ్బి, చూపు మసకబారేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. మామూలు మూత్ర పరీక్షకు కొద్దిపాటి ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చిక్కదు. ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి అని అడిగి చేయించండి. అది గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే కిడ్నీ జల్లెడ కారడం మొదలైందని అనుమానించాలి, మళ్లీ చేయించి రూఢి చేసుకోవాలి. సర్కారు పెట్టిన కంటి వెలుగు శిబిరంలో అద్దాలు వచ్చాయని ఊరుకోవద్దు. చుక్కల మందు వేసి రెటీనా చూడటం వేరే పరీక్ష. అరికాలికి స్పర్శ తెలుస్తోందో లేదో కూడా చూపించుకోండి. చెప్పుల్లేకుండా పత్తి చేనులోకి దిగితే, ముల్లు గుచ్చుకున్నా తెలియని కాలు పుండుపడుతుంది.

మన జిల్లాలో మరో ప్రమాదం ఉంది. ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసినవాళ్లు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు అడిగి తెచ్చుకుని మింగుతారు. షుగర్‌తో నలిగిన కిడ్నీకి అవి పెద్ద దెబ్బ. డాక్టర్ రాయకుండా వేసుకోవద్దు. బీపీని, పొగాకును కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

రెండో రకం షుగర్ తేలిన రోజునే ఈ పరీక్షలన్నీ చేయించుకోవాలి, ఆపై ఏడాదికోసారి తప్పనిసరి. చిట్యాల సర్కారు దవాఖానలో అడగండి. అక్కడ కుదరకపోతే నల్లగొండకో బీబీనగర్ ఎయిమ్స్‌కో వెళ్లండి. ఇంట్లో ఒకరు డయాలసిస్‌కు తిరుగుతుంటే, ఆ ఇంట్లో షుగర్ ఉన్న తమ్ముడు, చెల్లె, కొడుకు, బిడ్డ ఈ వారమే పరీక్షకు పోవాలి. వచ్చే నెల అనొద్దు.