దొంగకు వేసిన తాళం

‘తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని’ అనే సామెత ఆడదాన్ని వెక్కిరించడానికే పుట్టిందేమోనని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం. కిందటి కార్తీకంలో మాత్రం అది ఇంకెవరికో చక్కగా అతికింది. ఆ భాగోతం చెబుతాను వినండి.

తెనాలిలో పెళ్ళి చూసుకుని బెజవాడ తిరిగి వస్తున్నాం. కారులో నేనూ, మా అత్తయ్యగారూ, కాలేజీ చదివే మా అమ్మాయీ. అత్తయ్యగారికి గొంతు ఆరిపోతోందంటే దారిలో సోడా కొట్టు దగ్గర ఆపాను. రాత్రి పది కావస్తోంది. తీరా బయలుదేరబోయి తాళంచెవి తిప్పితే ఇంజను ఒక్క క్షణం గుర్రుమని, అలిగిన ఆడపడుచులా నోరు మూసుకుంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే. నా యెదుట చిన్న దీపం మిణుకుమిణుకుమంటోంది. అందులో కారు బొమ్మ, దానిలో తాళంచెవి బొమ్మ.

“మా వూళ్ళో గేదె యింతే, అమ్మాయీ! కొత్తవాళ్ళ చెయ్యి పడితే చేపేది కాదు. కానీ రోజూ కుడితి పెట్టేదాన్నే గుర్తుపట్టని గేదెను మాత్రం నేనెక్కడా చూళ్ళేదు” అన్నారు అత్తయ్యగారు.

కంపెనీ వారి సహాయానికి ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు మొట్టమొదట అడిగిన ప్రశ్న, “వెంట మగవాళ్ళెవరూ లేరామ్మా?” అని. వుంటే వాళ్ళని చూసి కారు కదులుతుందా నాయనా? ఆటో దొరికేదాకా సోడా కొట్టతను దుకాణం కట్టెయ్యకుండా మాకోసం దీపం వేసి వుంచాడు. ఆ రాత్రి మాకు దక్కిన సహాయం అదొక్కటే.

ఆ కారు నేను కొనుక్కున్నది. సగం సీరియల్ డబ్బు, సగం బ్యాంకు అప్పు. కాగితాలన్నీ నా పేర వున్నాయి. అయినా మర్నాడు వర్క్‌షాపులో పెద్దమనిషి కంప్యూటరు తగిలించి చూసి, “ఇమ్మొబిలైజర్ సమస్యండీ, మీకు చెప్పినా అర్థం కాదు, సార్‌ని పంపండి” అన్నాడు. సార్‌ని తీసుకెళ్ళాను. మావారు నిజాయితీపరులు. “నాకు ఆ కారులో ఎడమవైపు తలుపు తప్ప యింకేమీ తెలియదండీ, ఆవిడనే అడగండి” అన్నారు. అయినా ఆ పెద్దమనిషి మావారి ముఖం చూస్తూనే నాకు ముప్ఫయి ఎనిమిది వేల అంచనా చెప్పాడు. ఇంజను కంప్యూటరు మార్చాలట, రెండు తాళంచెవులూ కొత్తవి వెయ్యాలట.

అర్థం కాదన్నాడు కదా, పట్టుబట్టి అర్థం చేసుకున్నాను. బి.ఏ. చదివిన నాకు అర్థమైందంటే మీకెవరికైనా అవుతుంది. తాళంచెవి ప్లాస్టిక్ తలలో చిన్న చిప్పు వుంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. (తలుపులు తెరిచే మీట పనిచెయ్యడానికి వేసే గుండ్రటి బ్యాటరీ వేరు, అది అయిపోయినా చిప్పుకు ఢోకా లేదు.) తాళం దూర్చే కన్నం చుట్టూ రాగి తీగచుట్ట వుంటుంది. మనం తాళం తిప్పగానే ఆ చుట్ట చిప్పును తట్టి లేపుతుంది. చిప్పు తన గుర్తు చెబుతుంది. గుర్తు కలిస్తే సరి, కలవకపోతే కంప్యూటరు ఇంజనును నడవనివ్వదు. అంతే రహస్యం!

కాబట్టి రెండో తాళంచెవితో కారు నడిస్తే తప్పు మొదటి తాళంచెవిది. రెండూ నడపకపోతే, రెండు చిప్పులూ ఒకేసారి చచ్చాయనడం కన్నా ఆ తీగచుట్టనో దాని వైర్లనో ముందు అనుమానించాలి. వంటింట్లో రెండు గిన్నెల్లోనూ పాలు విరిగితే గిన్నెలు మారుస్తామా, పాలు చూస్తామా? బీరువాలోంచి రెండోది తెచ్చి యిచ్చాను. దానితోనూ కదల్లేదు. “మరి ఆ చుట్ట చూశారా?” అన్నాను. ఆయన మావారి వంక చూసి నవ్వాడు!

ఆ నవ్వు నాకు పడలేదు. కారును మళ్ళీ లాగించుకుని ఆటోనగర్ వెళ్ళాను. అక్కడి ఎలక్ట్రీషియన్, అరవై దాటినవాడు, స్టీరింగు కింద తొడుగు విప్పి చెయ్యి పెట్టి, “అమ్మగారూ, కనెక్టరు వదులైంది, పిన్నుకి చిలుము పట్టింది” అన్నాడు. తుడిచి బిగించాడు. గేదె చేపింది. అయిదు వందలు తీసుకున్నాడు. ముప్ఫయి ఎనిమిది వేల తాళం వెయ్యబోయినవారు మరచిన గొళ్ళెం యిది!

తాళమే వద్దని నేననను. అమెరికాలో ఇమ్మొబిలైజర్ లేకుండా అమ్మిన కొన్ని కార్లను పిల్లకాయలు ఒక్క యూఎస్‌బీ ముక్కతో తిప్పుకుపోయారు. 2021, 2022లలో అదొక పెద్ద గొడవ. జర్మనీ, బ్రిటన్ మొదలైన దేశాల్లో 1990లలోనే యిది తప్పనిసరి చేశారు. మంచిదే. నా పేచీ తాళంతో కాదు, దాని మర్మం నాకు అక్కర్లేదనేవారితో.

“మర్మం బయటపెడితే దొంగలకు తెలుస్తుంది కదా” అంటారు. అలాగా? ఇమ్మొబిలైజర్ చిప్పుల్లో ఒక రకం బలహీనమైనదని ముగ్గురు పరిశోధకులు కనిపెడితే, 2013లో బ్రిటన్ కోర్టు ఉత్తర్వుతో వారి వ్యాసం ఆపించారు. 2015లో, ఒక్క వాక్యం తీసేశాక, అది అచ్చయింది. ఆ రెండేళ్ళూ ఆ కార్లు కొన్నవారు ఏ తాళాన్ని నమ్ముకుని నిద్రపోయారో!

ఆటోనగర్ పెద్దాయనకూ ఒక హద్దు వుంది. వైరు బిగించగలడు గానీ, నేను రెండు తాళంచెవులూ పారేసుకుంటే కంపెనీ కోడ్ లేకుండా కొత్తది రాయడం తన వల్ల కాదన్నాడు. “నలభై ఏళ్ళుగా యిదే పని చేస్తున్నా, నాకు చెప్పరండీ” అన్నాడు. నాకు చెప్పనిదీ, ఆయనకు చెప్పనిదీ ఒకటే. మరమ్మతు హక్కు పేరిట కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో పోర్టల్ ఒకటి తెరిచింది. అందులో వాహనాలూ వున్నాయి. ఆ హక్కు పోర్టల్ దాటి ఆటోనగర్ సందుల్లోకి ఎప్పుడు వస్తుందో మరి.

మీ యింట్లో కారుంటే, దాని రెండో తాళంచెవి ఎక్కడుందో యీ పూటే వెతకండి. దానితో ఒకసారి నడిపి చూడండి. మీరు నడిపితేనే సుమా, మీవారు కాదు.

నిన్న వర్క్‌షాపు నుంచి మావారి ఫోనుకు సందేశం వచ్చింది: ‘గౌరవనీయులైన సార్, మా సేవలు మీకు తృప్తినిచ్చాయా?’ అని. ఆయన చదివి, ఏమీ మాట్లాడకుండా ఫోను తెచ్చి నా రాతబల్ల మీద పెట్టి వెళ్ళారు. జవాబు రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు పేజీలయింది.