పొట్టి ఆవునకు కొట్టమెప్పుడు, ఆరుబయలెప్పుడు?

హైదరాబాదు నుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఈ నెల నా యెదుట నున్నది. ఆమె భర్తగారు రెండేండ్ల ప్రాయము గల పుంగనూరు పెయ్యను కొని తెచ్చినారట. "మా యిల్లు చిన్నది. పెరటిలో ఒక వేపచెట్టు, దాని క్రింద కొంత మట్టినేల మాత్రమే కలవు. మా వారు పెయ్యను హాలులో పండుకొనబెట్టి పంకా వేయుచున్నారు. పిల్లలు దాని ప్రక్కనే నిద్రించుచున్నారు. మా అత్తగారు మాత్రము గొడ్డును చెట్టుక్రింద కట్టుడని పట్టుబట్టుచున్నారు. నాకు రాత్రివేళ వీధికుక్కల భయము. ఈ మాటమీద మా యింట పది దినములనుండి ఒకరితో నొకరు సరిగా మాటలాడుట లేదు. దీనిని ఎప్పుడు లోపల నుంచవలెను, ఎప్పుడు బయట విడువవలెను?" అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్న నేడు అనేక గృహములలో పుట్టుచున్నది. పుంగనూరు జాతి పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుంగనూరు ప్రాంతమునకు చెందినది. ఆవు సుమారు మూడడుగుల ఎత్తుండును. బరువు సాధారణముగా 200 కిలోలకు లోపే. ఒకప్పుడు ఈ జాతి అంతరించిపోవునేమో యన్నంతగా తగ్గిపోగా, పలమనేరులోని పశుపరిశోధన స్థానమువారు దానిని కాపాడుచు వచ్చిరి. 2024వ సంవత్సరము సంక్రాంతినాడు ప్రధానమంత్రిగారు తమ నివాసమున ఈ యావులకు మేత పెట్టిన చిత్రములు దేశమంతట వ్యాపించిన పిమ్మట పట్టణవాసులకు దీనిపై మోజు మఱింత హెచ్చినది. కొనువారిలో చాలమంది అంతకుముందు పశువు నెన్నడును పెంచినవారు కారు. ఆకారము చిన్నది కనుక పసిబిడ్డవలె ఇంటిలో పెంచవచ్చునని తలంచుచున్నారు. మన కష్టమునకు మూలము ఈ తలంపే.

పొట్టిదైనను ఆవు ఆవే. దానికి మూపురము కలదు, గంగడోలు కలదు, పొట్టి నున్నని వెండ్రుకలు కలవు. ఇవన్నియు మన ఎండలకు తగిన దేహలక్షణములు. అది దినమునకు ఏడెనిమిది గంటలు నెమరు వేయవలెను, పది పండ్రెండు గంటలు పండుకొనవలెను, మిగిలిన కాలమున మేయుచు తిరుగవలెను. పాలఱాతి నేలమీద దాని గిట్టలు నిలువవు. లేవబోయి కాళ్లు రెండు ప్రక్కలకు జాఱిన యెడల తుంటికీలు తప్పును. అట్టి పశువు మరల లేచుట మిక్కిలి కష్టము. ఇంటిలో నున్న పశువునకు ఇంటి తిండియు అలవాటగును. పండుగనాడు పిల్లలు ప్రేమతో పెట్టిన అన్నము, బూరెలు కడుపులో పులిసి ప్రాణము మీదికి తెచ్చిన సందర్భములు పశువైద్యు లందఱు నెఱుగుదురు. కాబట్టి హాలు విషయమున అత్తగారి మాటయే సరియైనది.

అట్లని ఎల్లప్పుడు చెట్టుక్రింద వదలివేయవచ్చునా? వదలరాదు. ఎప్పుడు లోపల నుంచవలెనో చెప్పుటకు ముందు, నా చేత జరిగిన పొరపాటు నొకదానిని సోదరీమణులకు విన్నవించెదను. ఇతరులకు బుద్ధులు చెప్పునప్పుడు మన తప్పులు దాచుకొనుట తగదు.

కొన్నేండ్ల క్రిందట మా పెరటిలో ఒక పొట్టి ఆవు, మూడు వారముల దూడ ఉండెడివి. కార్తికమాసమున వాయుగుండము పట్టి అయిదు దినములు ముసురు విడువలేదు. దూడకు చలి యగునని నేను కొట్టమునకు నాలుగు ప్రక్కల టార్పాలిన్ పట్టాలు కట్టి, తలుపు బిగించి, దోమలు రాకుండ సాయంకాలము వేపాకు పొగ వేసితిని. రాత్రి దీపము పట్టుకొని చూచిన, లోపల వెచ్చగా నున్నది. తల్లి, బిడ్డ పొందికగా పండుకొనియున్నవి. నేను చేసిన యేర్పాటునకు నాకే సంతోషము కలిగినది. నాలుగవనాడు దూడ దగ్గుట మొదలిడినది. అయిదవనాటికి పాలు త్రాగుట మానినది. వర్షములో వైద్యుడు వచ్చి ఊపిరితిత్తులు చెడినవని సూదిమందు వేసినాడు గాని లాభము లేకపోయినది. ఆయన వెళ్లుచు నన్నొక్క మాట అడిగినాడు: "అమ్మా, మీరు ఈ కొట్టములో క్రింద కూర్చుండి చూచినారా?"

ఆయన పోయిన తరువాత దూడ పండుకొనిన చోటనే నేను కూర్చుంటిని. నేను నిలుచున్నప్పుడు తోచని ఘాటు అక్కడ నా కన్నుల వెంట నీరు కార్చినది. తడిసిన పేడ, మూత్రము కుళ్లి పుట్టిన అమోనియా వాయువు, దానితో చేరిన పొగ, రెండును బయటికి పోవు దారిలేక ఆ మూలనే నిలిచియున్నవి. చలికి దూడ చావలేదు. గాలి లేక చచ్చినది. తల్లి ఆవు రెండు దినములు ఆ మూలను వాసన చూచుచు అఱచినది.

అప్పటినుండి నేను పాటించు మొదటి నియమము ఇది. పశువును లోపల కట్టుటకు ముందు, మీరు దాని ముక్కు ఎంత ఎత్తున నుండునో అంత ఎత్తున కూర్చుండి పది నిమిషములు ఊపిరి పీల్చుడు. కన్ను మండిన, ముక్కు ఘాటెక్కిన, ఆ చోటు పశువునకు పనికిరాదు. పెద్ద ఆవులకు కట్టిన కొట్టములో నాలుగడుగుల పిట్టగోడ యున్నచో, పెద్ద ఆవు గోడమీదుగా గాలి పీల్చుకొనును. మూడడుగుల ఆవు ఆ గోడవెనుక గోతిలో నున్నట్లే. పొట్టి పశువులకు గోడ ఒకటిన్నర అడుగుకు మించకుండ కట్టి, ఆపైన ఇనుపజల్లెడ బిగించుట మేలు. గాలి ఆడును, కుక్క దూఱదు.

ఇక కాలములనుబట్టి చూతము.

రోహిణికార్తె ఎండలలో ఉదయము పది గంటలనుండి సాయంకాలము నాలుగు గంటలవఱకు నీడ తప్పనిసరి. రేకుల కప్పుకంటె వేపచెట్టు నీడ చల్లన. రేకులే యున్నచో వానిపై తాటాకులుగాని వరిగడ్డిగాని పఱపవలెను. ప్రొద్దుక్రుంకిన పిమ్మట ఆవును ఆరుబయట కట్టుడు. పగలు దేహమున చేరిన వేడి రాత్రి చల్లగాలికి తగ్గును. ఎండ బాధించుచున్నదో లేదో తెలిసికొనుటకు దాని డొక్క కదలికలను గడియారము పట్టి లెక్కింపుడు. పెరిగిన పశువు నిమిషమునకు అరువదిమార్లకు మించి ఊపిరి తీసినచో వేడికి తాళలేకున్నదని అర్థము. అప్పుడు నీరు త్రాగించి, గాలి వీచు చోట మేను తడుపవలెను. మూసిన కొట్టములో తడిపినచో ఉక్క హెచ్చి కీడే కలుగును.

మృగశిరలో తొలకరి ఉఱుములు వినబడగానే చెట్టుక్రింద నుండి తప్పక విప్పి కప్పుగల కొట్టములోనికి తేవలెను. ఏటేట ఎన్నో పశువులు చెట్లక్రింద పిడుగుపాటుకు చచ్చుచున్నవి. గొంతువాపు, జబ్బవాపు వ్యాధులకు టీకాలు వానలకు ముందే వేయించవలెను.

శ్రావణ భాద్రపదములలో పెరిగిన ఆవు చిన్న వానకు తడిసిన భయపడనక్కఱలేదు. వాన, గాలి రెండును కలిసి కొట్టినప్పుడే చలి పట్టును. ఈ దినములలో వానకంటె బురద హెచ్చు హాని. గిట్టలు ఎల్లప్పుడు తడిలో నానిన కుళ్లిపోవును. పగలు తెఱపి యిచ్చిన వెంటనే బయట గట్టునేలమీదికి విడిచి, కొట్టములోని తడిగడ్డి తీసి, నేలను ఆఱనిచ్చి, క్రొత్తగడ్డి పఱపుడు. సంధ్యవేళ జోరీగలు, దోమలు విజృంభించును. 2022లో అనేక రాష్ట్రములలో పశువులను పీడించిన లంపీ చర్మవ్యాధి ఈగలు, దోమలు కుట్టుటవలననే ముఖ్యముగా వ్యాపించును. కనుక సంధ్యనుండి తెల్లవాఱువఱకు సన్నని దోమతెర కట్టిన కొట్టములో నుంచుట మంచిది. పొగ వేయవలెనన్న బయట, గాలి వచ్చు దిక్కున, కొంచెముగా వేయుడు. లోపల వేయవలదు.

ధనుర్మాసపు మంచునకు ఆరోగ్యముగా నున్న పెరిగిన ఆవు చలింపదు. పొడిగడ్డి పడక, కడుపునిండ మేత యున్న చాలును. నెమరువేయు పశువు కడుపులో వేడి పుట్టుచునే యుండును. నెల దాటని దూడ, క్రొత్తగా ఈనిన ఆవు, జ్వరముతో నున్న పశువు, వీనిని మాత్రము రాత్రి లోపల నుంచవలెను. దూడపై గోనెపట్టా కప్పవచ్చును గాని, అది తడిసినను, ప్రొద్దెక్కినను వెంటనే తీసివేయవలెను. తడిగోనె కప్పుటకంటె ఏమియు కప్పకుండుటయే మేలు. చెవులు చల్లబడి, వెండ్రుకలు నిక్కి, వణకుచున్నదా? లోపలికి తెండు. ప్రశాంతముగా నెమరు వేయుచున్నదా? మీకు చలి యైనంత మాత్రమున దానిని కదలింపకుడు.

కాలముతో నిమిత్తము లేక లోపల నుంచవలసిన సందర్భములు మఱి మూడు కలవు. ఆవు ఈనుటకు ముందు పది దినములనుండి వేఱుగా, శుభ్రమైన పొడిచోట నుంచవలెను. ఆవు సుమారు తొమ్మిది నెలల పది దినములు మోయును గనుక తేదీ గోడమీద వ్రాసికొనుడు. అంటువ్యాధి సోకినదన్న అనుమానము కలిగినప్పుడును, క్రొత్తగా కొనితెచ్చిన పశువును మూడు వారములపాటును తక్కిన పశువులకు దూరముగా నుంచుడు. దీపావళి రాత్రి టపాకాయల చప్పుడునకు బెదరి పలుపు త్రెంచుకొనకుండ సాయంకాలమే లోపలికి చేర్చుడు.

ఒక్క సమయమున మాత్రము కొట్టమే మృత్యుద్వారమగును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన పడినప్పుడు వేలకొలది జనముతోపాటు లెక్కలేనన్ని పశువులు నశించినవి. వరద వచ్చునన్న హెచ్చరిక వినిన వెంటనే పశువును మెఱకకు తోలవలెను. అంతకు వ్యవధి లేనప్పుడు పలుపు విప్పి, తలుపు తెఱచి వదలిపెట్టవలెను. విడిచిన పశువు ఈదును. కట్టిన పశువు మునుగును. అందుచేత పలుపును ఎల్లప్పుడును ఒక్క లాగున ఊడివచ్చు ముడితోనే గుంజకు కట్టుట ఇంటిలోని పిల్లలకు గూడ నేర్పవలెను.

ఇప్పుడు సోదరి ప్రశ్నకు వత్తము. అమ్మా, మీ వేపచెట్టు ప్రక్కనే తూర్పు పడమరలుగా ఒక చిన్నకొట్టము కట్టించుకొనుడు. పెద్ద ఆవునకు కప్పుక్రింద మూడున్నర చదరపు మీటర్లు, బయట దానికి రెట్టింపు చోటు కావలెనని లెక్క. మీ పెయ్యకును అంత యిచ్చిన సుఖముగా నుండును. నేల గరుకుగా, కొంచెము వాలుగా నుండవలెను. చుట్టును జల్లెడ, దానికొక తలుపు. పగలు చెట్టుక్రింద, రాత్రి జల్లెడలోపల. కుక్కల భయము తీరును. పట్టణమున పశువును పెంచుటకు పురపాలకసంఘమువారి నియమము లేమో ముందుగా విచారించుకొనుడు. వీలైనచో దానికి తోడుగా మఱియొక పశువును తెచ్చుకొనుడు. ఆవు మందలో బ్రదుకు జీవము; ఒంటిగా నున్నచో దిగులుపడును.

మీ వారి మనస్సు నొప్పింపవలదు. ఆయనది ప్రేమయే. నాదియు ప్రేమయే, అయినను నా దూడ దక్కలేదు. ఆయనను, పిల్లలను ఒకనాటి సాయంకాలము పెరటిలోనికి పిలిచి, పెయ్యను మట్టినేలమీద విడిచి చూపుడు. అది తోక యెత్తి నాలుగు గంతులు వేసి, నేలను వాసన చూచి, నీడన పండుకొని నెమరు మొదలుపెట్టును. పిల్లలు దాని ప్రక్కన చాప పఱచుకొని కూర్చుండవచ్చును. మీ అత్తగారిని గూడ అచటికే పిలువుడు. పశువుల సంగతి తెలిసిన పెద్దలు ఇంట నుండుట మీ అదృష్టము. పెయ్య ముఖము చూచి దాని సుఖదుఃఖములు చెప్పుట ఆమె నుండి మీరు నేర్చుకొనుడు.