ఉద్యమంలో ఉన్నోడికి బీకాం ఎందుకు అన్నవాళ్లకి



నేను దూరవిద్యలో బీకాం చదివాను అంటే మన మీటింగుల్లో ఇప్పటికీ కొందరు నవ్వుతారు. లా చదవాల్సింది, లేదంటే గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వాల్సింది, ఈ డెబిట్ క్రెడిట్లు మనకెందుకురా అంటారు. ఒక లెక్క చెప్తాను, వినండి.

ఒక ఏడాది ఆషాఢంలో ఇంట్లో గింజలు అయిపోతే మా అయ్య షావుకారు దగ్గర 8,000 రూపాయలు తెచ్చాడు. వడ్డీ నూటికి నెలకు 3 రూపాయలు. ఎనిమిది నెలలకి పసుపు తీసి, ఉడకబెట్టి, ఎండబెట్టి 120 కిలోలు ఆయనకే వేశాడు. ఆ వారం సంతలో కిలో 70 పలికింది. షావుకారు 55 రాసుకున్నాడు. పసుపు కింద 6,600 జమ. అసలు, వడ్డీ కలిపి 9,920 కాబట్టి ఇంకా 3,320 బాకీ అన్నాడు. అయ్య తలూపి వచ్చేశాడు.

ఫైనాన్షియల్ అకౌంటింగ్‌లో ఆవర్జా పాఠం చదివే రోజుల్లో ఈ లెక్క నా నోటుబుక్కులో వేసి చూశాను. పుచ్చుకున్నవాడి ఖాతాకి డెబిట్, ఇచ్చినవాడి ఖాతాకి క్రెడిట్. సంత ధర కడితే బాకీ 1,520 మాత్రమే. మిగతా 1,800 ఏంటి? అదీ వడ్డీయే. కానీ వడ్డీ అని ఎక్కడా రాయలేదు, ధరలో దాచాడు. అది కలిపితే నూటికి 3 అన్నది నెలకి దాదాపు 5 రూపాయల 80 పైసలు అయింది. ఏజెన్సీలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని 1960లోనే రెగ్యులేషన్ వచ్చింది. వడ్డీ పసుపు ధరలో దాక్కుంటే ఆ చట్టం ఎవర్ని పట్టుకుంటుంది చెప్పండి?

ఇంకో మాట. షావుకారు పుస్తకంలో మా అయ్య పేరు మీద ఖాతా ఉంది. మా ఇంట్లో షావుకారు పేరు మీద ఖాతా లేదు. ఒకే లావాదేవీ, పుస్తకం మాత్రం ఒకడి దగ్గరే. గొడవ వస్తే ఏ పుస్తకం చెల్లుతుందో మీకు తెలుసు.

చదువు తేలిగ్గా సాగిందని అబద్ధం చెప్పను. క్లాసులు ఆదివారం, అదీ పట్నంలో. మా ఊరి నుంచి రెండు బస్సులు మారి వెళ్లేసరికి మొదటి క్లాసు అయిపోయేది. ఒక ఏడాది పుస్తకాలు పరీక్షలకి నెల ముందు వచ్చాయి. పుస్తకంలో ఎప్పుడూ ఒకాయన లక్ష రూపాయల మూలధనంతో బట్టల వ్యాపారం మొదలుపెడతాడు, మన సంత ఒక్క లెక్కలోనూ కనపడదు. అందుకే స్టడీ సెంటర్లు ఏజెన్సీ మండలాల్లో పెట్టాలని మనం గట్టిగా అడగాలి.

అంకణా కలవక ఒక రాత్రంతా కూర్చున్నాను. తేడా 360. తేడా తొమ్మిదితో భాగం పోతే అంకెలు తారుమారు అయ్యుంటాయని ఎవరో సీనియర్ చెప్పింది గుర్తొచ్చి వెతికితే 1,620ని 1,260 అని ఎక్కించాను. ఆ ఆనందం వేరు. కానీ ఆ పాఠంలోనే అంతకంటే పెద్ద మాట ఉంది. అంకణా కలిసినంత మాత్రాన లెక్క నిజమని కాదు. అసలు రాయకుండా వదిలేసిన పద్దు, రెండు వైపులా ఒకేలా వేసిన దొంగ పద్దు అందులో దొరకవు. షావుకారు పుస్తకం కూడా పైసాతో సహా కలిసే ఉంటుంది.

ఇప్పుడు 1996 పెసా చట్టానికి రండి. సెక్షన్ 4లో క్లాజు (ఎఫ్) చూడండి. పథకాల మీద పంచాయతీ పెట్టిన ఖర్చుకి వినియోగ ధ్రువీకరణ గ్రామసభ నుంచి తీసుకోవాలి. అంటే లెక్క సరైనదో కాదో చెప్పే అధికారం మన ఊరిదే. మా దగ్గర జరిగేది ఏంటంటే కాగితం వస్తుంది, సంతకాలు, వేలిముద్రలు పడతాయి, కాగితం వెళ్లిపోతుంది. ఓచర్లు చూపించండి, మస్టర్ చూపించండి, ఈ సిమెంటు ఏ తేదీన దిగింది అని అడిగినవాడు లేడు. వన్ ధన్ కేంద్రాలూ అంతే. ఒక్కో కేంద్రంలో దాదాపు 300 మంది సభ్యులు, 15 లక్షల దాకా నిధి. ఏరేది, ఎండబెట్టేది మన అక్కలు. నేను చూసిన చోట పుస్తకం రాసేవాడు మాత్రం బయటివాడు. అతను దొంగ అని నేననడం లేదు. అతను తప్పు రాసినా మనకి తెలీదు అంటున్నాను.

మన సంగతి కూడా చెప్పుకోవాలి కదా. కిందటేడు మా సభకి వసూలు చేసిన చందాల లెక్క ఊళ్లో అడిగారు. లారీ కిరాయికి రసీదు లేదు, మైకు వాడికి ఎంత ఇచ్చామో ఇద్దరు రెండు అంకెలు చెప్పారు. ఎవరూ తినలేదని నాకు తెలుసు. అడిగిన ముసలమ్మకి ఎలా తెలుస్తుంది? ఆ రోజు నా బీకాం మీద నాకే సిగ్గేసింది. అప్పటినుంచి నగదు చిట్టా నేనే రాస్తున్నాను, నెలాఖరున రచ్చబండ దగ్గర పైకి చదువుతున్నాను.

అందరూ బీకాం చేయమనను. లా చదివేవాళ్లు చదవండి, మాకు వాళ్లూ కావాలి. కానీ ఇంటర్ అయ్యి పనుల్లో తిరుగుతున్న తమ్ముళ్లూ, పెళ్లయ్యి చదువు ఆగిపోయిన చెల్లెళ్లూ, ఊరు వదలకుండా చదవగలిగే కోర్సు ఇది. ఫీజు, ఫారం సంగతి తెలీకపోతే ఈ పోస్టు కింద అడగండి. అంతలోపు ఒక పని చేయండి. ఈ వారం సంత నుంచి రాగానే ఏం అమ్మారు, ఎన్ని కిలోలు, ఏ ధర, ఎంత చేతికొచ్చింది, ఎంత బాకీలో పట్టుకున్నాడు, తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాయండి. అమ్మ పేరు మీద ఒక పేజీ, షావుకారు పేరు మీద ఒక పేజీ.