రాత్రి కాపలా – ఉదయపు భోజనం

నిద్ర పట్టడం లేదని వచ్చినవారిని చాలామంది వైద్యులు ముందుగా మనశ్శాంతి గురించి అడుగుతారు. నేను భోజనం గురించి అడుగుతాను. ఏమి తిన్నారన్నదాని కంటే ఏ వేళకు తిన్నారన్నది నాకు ముఖ్యం.

మా నార్సింగికి తూర్పున, గోల్కొండ కోట పరిసరాలలో సైన్యం వారి ఆర్టిలరీ సెంటర్ ఉన్నది. కనుక ఈ ప్రాంతపు వైద్యుల వద్దకు సైనికులు, పదవీ విరమణ చేసినవారు, వారి కుటుంబీకులు రావడం సహజం. నిద్రలేమిని వారు వ్యాధిగా చెప్పుకోరు. "మా ఉద్యోగం అటువంటిది" అని సరిపెట్టుకుంటారు. అందులో సగమే నిజం. రాత్రి కాపలా ఉద్యోగధర్మం, దానిని మార్చలేము. కాపలా ముగించి వచ్చి తినే ఆహారం మాత్రం మన చేతిలోనిదే.

జరిగేది సాధారణంగా ఇది. రాత్రంతా మెలకువ కోసం రెండు మూడు గంటలకొకసారి చిక్కని టీ. తెల్లవారి విధి దిగగానే పూరీలు, బంగాళాదుంప కూర, మళ్ళీ టీ. ఆ కడుపుతోనే పడక. మధ్యాహ్నం లేచేసరికి తల దిమ్ము, పుల్లని త్రేన్పులు. మరునాడు సెలవైనా ఆ రాత్రి కన్ను మూతపడదు.

మేల్కొనడం వల్ల శరీరంలో రూక్షత పెరిగి వాతం ప్రకోపిస్తుంది, జఠరాగ్ని విషమిస్తుంది. అటువంటి అగ్నిపై నూనెలో వేగిన గురుపదార్థాలు వేసి వెంటనే పడుకుంటే అన్నం పక్వం కాక ఆమంగా మారుతుంది. వాగ్భటుడు అష్టాంగహృదయం సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో దీనికి స్పష్టమైన విధి చెప్పియున్నాడు. అలవాటు లేని జాగరణ చేసినవాడు మేల్కొన్న కాలంలో సగం కాలం మరునాటి ఉదయం నిద్రించాలి, అదీ భుజించకుండా. ఎనిమిది గంటలు కాపలా కాస్తే నాలుగు గంటల నిద్ర. పగటినిద్రను సాధారణంగా నిషేధించిన శాస్త్రమే ఇక్కడ దానిని అనుమతించింది. సగం కాలమన్న మాట కొందరికి గుర్తుంటుంది, భుజించకుండా అన్న మాటను అందరూ మరచిపోతారు. శరీరం పగటివేళ చక్కెరను సర్దుకున్నంత చక్కగా రాత్రివేళ సర్దుకోలేదని ఆధునిక పరిశోధకులు కూడా నిర్ధారించారు. కాబట్టి అర్ధరాత్రి మిర్చిబజ్జీలకు కూడా ఇదే మాట.

ఖాళీ కడుపుతో నిద్ర రానివారు లేకపోలేదు. అటువంటివారు సైంధవలవణం కలిపిన పల్చని బియ్యపుజావ గాని, రాగిజావ గాని ఒక గ్లాసు త్రాగి పడుకోవచ్చు. ఆ మాత్రం సడలింపు తప్పు కాదని నా అభిప్రాయం.

టీ విషయం మరికొంచెం చెప్పాలి. అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు త్రాగిన టీ ప్రభావం ఎనిమిది గంటలకు పడక మీద కూడా మనతోనే ఉంటుంది. 2010లో ఆఫ్ఘనిస్థాన్‌లో ఉన్న అమెరికా సైనికులను ప్రశ్నించగా నూటికి దాదాపు 45 మంది రోజూ కనీసం ఒక ఎనర్జీ డ్రింకు త్రాగుతున్నామన్నారు. మూడు, అంతకు మించి త్రాగేవారిలో రాత్రికి నాలుగు గంటలు, అంతకంటే తక్కువ నిద్రించేవారు ఎక్కువగా కనిపించారు. త్రాగి నిద్ర పోగొట్టుకున్నారా, నిద్ర లేక త్రాగారా అని అడగవచ్చు. రెండూ ఒకదానినొకటి పెంచేవే. ఆ డబ్బాలే నేడు మన వీధి దుకాణాలలోనూ ఉన్నాయి. రాత్రి షిఫ్టులకు వెళ్ళే మన పిల్లలు వాటినే కొంటున్నారు. కాపలా సరిహద్దుకైనా, సముద్రాల కవతలి బ్యాంకు లెక్కలకైనా జఠరాగ్నికి తేడా తెలియదు.

మద్యం సంగతి. చరకుడు నిద్ర తెచ్చేవాటిలో దానినీ పేర్కొన్నాడని కొందరు మాజీ సైనికులు నాకే పాఠం చెబుతారు. పేర్కొన్న మాట నిజమే. అది నిద్రను త్వరగా తెచ్చి, రాత్రి రెండవ భాగంలో దానిని భగ్నం చేస్తుందన్నదీ నిజమే. అదే జాబితాలో శాల్యన్నం, పాలు, మనఃసుఖం కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ ఉదహరించరు!

విరమణ పొందినవారి చిక్కు వేరు. పరేడ్ ఆగిపోతుంది, చపాతీల లెక్క ఆగదు. 2023లో సైన్యం అర్ధశతాబ్దం తరువాత చిరుధాన్యాల పిండిని రేషనులో తిరిగి చేర్చింది, సంతోషం. అయితే జొన్న రూక్షం. వాతం పెరిగి నిద్ర తగ్గినవారు జొన్నరొట్టెను నెయ్యితో, వేళ ప్రొద్దుగా తినాలి.

ఇక ఇంటి ఇల్లాలికి ఒక మనవి. "అలసి వచ్చాడు, నాలుగు మెతుకులు తిని పడుకోనీ" అనడం ప్రేమే. కాని విధికి వెళ్ళేముందు ఏడు గంటలకే పెసరపప్పు, నెయ్యి, ఉడికిన కూరతో అన్నం పెట్టండి. తిరిగి వచ్చాక అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసి, గది చీకటి చేసి పడుకోనివ్వండి. లేచి స్నానం చేశాక, అగ్ని బలంగా ఉండే మధ్యాహ్నవేళ పూర్తి భోజనం. సెలవు రాత్రులలో, అరుగుదల ఉన్నవారికి, పడకకు గంట ముందు గ్లాసెడు వెచ్చని గేదెపాలు మంచివి.

గురక మధ్యలో ఊపిరి ఆగినట్లయ్యేవారికి, యుద్ధభూమి జ్ఞాపకాలతో ఉలిక్కిపడి లేచేవారికి ఇది చాలదు. వారిని తప్పక వైద్యునికి చూపించాలి. నిద్రమాత్రలు వాడుతున్నవారు వాటిని ఒక్కసారిగా మానరాదు, వ్రాసిచ్చిన వైద్యుని సలహాతోనే తగ్గించుకోవాలి.