నాగలి తప్పా, బిగింపు తప్పా?

మెట్టలో వాన ఎప్పుడు పడాలో మన చేతుల్లో లేదు. పడిన వాన చేలో ఇంకుతుందా, వాగులో కలుస్తుందా అన్నది మాత్రం చాలావరకు దుక్కిని బట్టి ఉంటుంది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో ఇప్పుడు దుక్కి అంటే ట్రాక్టరే. ఎద్దుల మడక కనపడటమే అరుదు. ట్రాక్టర్‌ను పిలిచేటప్పుడు రైతు అడిగేది ఒకటే: గంటకు బాడుగ ఎంత? వెనక రెక్క నాగలి ఎట్లా బిగించారు, ఎంత లోతు పోతుంది, రెండు కర్రులూ ఒకే లోతు పోతున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ. ఆ అడగని ప్రశ్నకు మనం ప్రతి ఏడాదీ డబ్బు కడుతున్నాం. మట్టి కూడా పోగొట్టుకుంటున్నాం.

పోయిన ఏడాది ఉదయగిరి వైపు ఒక ఊళ్లో సంఘం పని మీద ఉన్నప్పుడు ఒక చేను చూశాను. మూడెకరాల ఎర్రనేల. మంచి పదునులోనే దున్నుతున్నారు. అయినా చేను అలలు అలలుగా ఉంది. ఒక చాలు లోతు, పక్క చాలు పైపైన. గరిక మొదళ్లు తిరగబడకుండా అట్లే పైకి నిలబడి ఉన్నాయి. రైతు అడిగితే డ్రైవర్, "భూమి గట్టిగా ఉండాదన్నా, నేనేం జేసేది?" అన్నాడు. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చి చాళ్లలో పుల్ల గుచ్చి చూశాడు. ముందు కర్రు వెళ్లిన చోట ఎనిమిది అంగుళాలు, వెనక కర్రు వెళ్లిన చోట నాలుగు. నేల ఒకటే, పదును ఒకటే. తేడా నేలలో లేదు, బిగింపులో ఉంది.

డ్రైవర్ మంచివాడే. బండి ఆపాడు. కుడివైపు లింకు లెవెల్ సరిచేసి, టాప్ లింక్ నాలుగు చుట్లు వదిలాక రెండో తిరుగుడుకే దుక్కి మారిపోయింది. పట్టిన సమయం పది నిమిషాలు. అప్పటికే ఎకరంన్నర పాడైంది. ఆ పెద్దాయన అన్న మాట నాకు గుర్తుండిపోయింది. "ఎద్దుల మడకకైతే మేడి మీద చెయ్యి ఉంటాది అబ్బయా. ఏ పక్కకు ఒరిగినా చెయ్యే చెప్తాది. దీనికి ఆ చెయ్యి ఏదీ?"

ఆ చెయ్యి ట్రాక్టర్‌కూ ఉంది. ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ నాగలిని ట్రాక్టర్‌కు మూడు లింకులతో తగిలించి, హైడ్రాలిక్‌తో లోతును అదుపు చేసే పద్ధతి తయారుచేశాడు. 1939లో ఫోర్డ్ - ఫెర్గూసన్ ట్రాక్టర్‌తో అది లోకమంతా పాకింది. మన చేలల్లో తిరిగే మాస్సీ ఫెర్గూసన్ పేరులో ఉన్నది ఆయనే. ఈ రోజు మన దగ్గర ఏ కంపెనీ ట్రాక్టర్ వెనక చూసినా ఆ మూడు లింకులే ఉంటాయి. అంటే మేడి పోలేదు. మూడు లింకులుగా, రెండు లివర్లుగా మారింది. దాన్ని పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు, అంతే.

రైతు చూడాల్సినవి

ఇది డ్రైవర్ విద్య, మనకెందుకు అనుకోవద్దు. డబ్బు ఇచ్చేది మనం. చూడాల్సిన గుర్తులు కొన్నే.

మొదటిది ఇంటి దగ్గరే చూడాలి. వెనక టైర్లు రెండింటిలో గాలి సమానంగా ఉండాలి. కర్రు మొన అరిగి గుండ్రమైతే నేలలోకి దిగదు. దిగకపోతే డ్రైవర్ టాప్ లింక్ లాగి బలవంతంగా దించుతాడు. అక్కడి నుంచి అన్నీ తప్పుతాయి. అరిగిన కర్రుతో దున్నితే ఇంజిన్‌కు బరువు, డీజిల్‌కు చేటు. రెక్క తుప్పు పట్టి ఉంటే మట్టి జారదు, అంటుకుంటుంది. సీజన్ అయిపోగానే రెక్కకు గ్రీజు పూసి పెడితే ఈ బాధ ఉండదు.

రెండోది పక్క వాటం. కుడివైపు తిప్పే నాగలితో దున్నేటప్పుడు ట్రాక్టర్ కుడి చక్రాలు పాత చాలులో నడుస్తాయి. అంటే బండి కుడికి ఒరిగి ఉంటుంది. బండి ఒరిగినా నాగలి ఒరగకూడదు. అందుకే కుడి లింకుకు లెవెల్ చేసే పిడి ఉంటుంది. చదును నేల మీద ముందే సరిచూసుకోవాలంటే, ఎంత లోతు దున్నదలచుకున్నామో దాదాపు అంత మందం దుంగల మీదికి ఎడమ చక్రాలు ఎక్కించి, నాగలి నేలకు దించి, రెండు కర్రులూ సమంగా ఆనేటట్టు ఆ పిడి తిప్పాలి. కల్టివేటర్‌తో పనిచేసి వచ్చిన బండికి లింకులు రెండూ సమానంగా ఉంటాయి. వాటిని అట్లే ఉంచి నాగలి తగిలిస్తే ముందు కర్రు లోతుకు పోతుంది, వెనకది తేలుతుంది. ఆ మూడెకరాల్లో జరిగింది ముఖ్యంగా ఇదే. రెండువైపులా తిప్పే రివర్సిబుల్ నాగలి అయితే ఈ లెవెల్ రెండు పక్కలా సరిచూసుకోవాలి.

మూడోది ముందు వెనక వాటం. ఇది టాప్ లింక్ పని. పక్క వాటం కుదిరాకే దీన్ని ముట్టుకోవాలి. టాప్ లింక్ మరీ పొట్టిగా ఉంటే నాగలి ముక్కు కిందికి వంగుతుంది, తోక లేస్తుంది. మరీ పొడవైతే మడమ ఈడుస్తుంది, మొన దిగదు. పక్క నుంచి చూస్తే నాగలి చట్రం నేలకు సమాంతరంగా పోవాలి.

నాలుగోది వెడల్పు. ముందు కర్రు కోసే పట్టీ, వెనక కర్రు కోసే పట్టీ ఒకే వెడల్పు ఉండాలి. ముందుది ఎక్కువ వెడల్పు పట్టుకుంటే మధ్యలో దున్నని మిట్ట మిగిలి, దాని మీద మట్టి కప్పుకుంటుంది. పైకి అంతా దున్నినట్టే కనపడుతుంది. పుల్ల గుచ్చితేగాని తెలియదు. చెక్ చైన్లు దున్నేటప్పుడు కొంచెం వదులుగా ఉండాలి. బిగదీసి కడితే నాగలి తన దారి తాను వెతుక్కోలేదు.

ఐదోది లోతు. రెక్క నాగలి మట్టిని తిరగెయ్యాలంటే లోతు కంటే వెడల్పు ఎక్కువ ఉండాలి. 12 అంగుళాల కర్రుతో ఎనిమిది అంగుళాలకు మించి పోతే మట్టి తిరగబడదు, నిలబడి మళ్లీ వెనక్కి పడుతుంది. వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లు చాలు. లివర్ల సంగతి కూడా చూడాలి. నేలలోకి దిగి లాగే నాగలికి డ్రాఫ్ట్ కంట్రోల్ వాడాలి. పొజిషన్ కంట్రోల్‌లో వదిలేస్తే మిట్టపల్లాల దగ్గర లోతు మారిపోతుంది, ఇంజిన్ మూలుగుతుంది.

గంట బాడుగ లెక్క

ఇందులో డబ్బు లెక్క ఏమిటో చూద్దాం. రెండు కర్రులు, ఒక్కొక్కటి 12 అంగుళాలు. కలిపి రెండు అడుగుల వెడల్పు. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో పోతూ, మలుపుల్లో ఐదో వంతు సమయం పోయిందనుకుంటే ఎకరానికి సుమారు గంటా 40 నిమిషాలు పడుతుంది. బిగింపు తప్పి ముందు కర్రు ఎనిమిది అంగుళాలే కోస్తుంటే అదే ఎకరానికి రెండు గంటలు. ఎకరానికి 20 నిమిషాలు ఎక్కువ. మూడెకరాలకు గంట. ఆ గంట బాడుగ, ఆ గంట డీజిల్ రైతు నెత్తిన పడతాయి. గంట లెక్కన బాడుగ ఉన్నంతకాలం బిగింపు సరిచేసుకోవాల్సిన అవసరం బండివైపు లేదు. ఎకరం లెక్కన ఉంటే లోతు తగ్గించి, వేగం పెంచి త్వరగా బయటపడతారు. రెండింటిలోనూ నష్టం రైతుకే, ఎందుకంటే లోతు, నాణ్యత ఒప్పందంలో లేవు.

డ్రైవర్లను తిట్టి లాభం లేదు. సీజన్‌లో వాళ్లు రాత్రీ పగలూ సీటు మీదే ఉంటారు. యజమాని కిస్తీలు కట్టాలి, డ్రైవర్ గంటలు చూపాలి. ట్రాక్టర్ అమ్మిన షోరూం తాళం చేతికిచ్చి ఫొటో తీసుకుంటుంది. చేలో నాగలి సరిచేసి చూపించిన షోరూం ఏదైనా ఉంటే చెప్పండి, వచ్చే సంచికలో మెచ్చుకుంటూ రాద్దాం.

అన్ని నేలలకూ ఒకే లోతా?

లోతుగా దున్నితే మంచిదన్న మాట కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఎకరంలో ఒక్క అంగుళం మట్టి బరువు సుమారు 150 టన్నులు. ఒక అంగుళం లోతు ఎక్కువ పోతే అంత మట్టిని అదనంగా తిరగెయ్యాలి. ఆ మట్టి మంచిదైతే ఖర్చు పెట్టొచ్చు. మన ఎర్రనేలల్లో చాలాచోట్ల పైమట్టి జానెడే. దాని కింద గులక, గరుసు. అక్కడ తొమ్మిది పది అంగుళాలు తిప్పితే సత్తువ ఉన్న మట్టి కిందికి, గులక పైకి వస్తాయి. తరాలుగా పెంట తోలి చేసుకున్న మట్టిని ఒక పూటలో పూడ్చిపెట్టినట్టే. అలాంటి చేలో అడుగు గట్టిపడితే తిరగెయ్యకుండా చీల్చే ఉలి నాగలి మేలు. ఏటా రెక్క నాగలి వెయ్యాల్సిన పని కూడా లేదు. గరిక, తుంగ ముదిరినప్పుడు, పైరు మొదళ్లు కప్పెయ్యాల్సినప్పుడు వేస్తే చాలు.

సోమశిల కాలువల కింద, గండిపాలెం ఆయకట్టులో వరి వేసేవాళ్ల సంగతి మరొకటి. దమ్ము చేసిన మడి అడుగున గట్టిపొర ఉంటేనే నీళ్లు నిలుస్తాయి. దాన్ని పగలగొడితే పెట్టిన తడి కిందికి పోతుంది. అదే ట్రాక్టర్ పొద్దున వరి మడిలో, మధ్యాహ్నం కంది చేలో దిగుతుంది. ఒకే బిగింపు రెండింటికీ ఎట్లా సరిపోతుంది?

వాలు మాట మరవకూడదు. వెలిగొండల పాదాల నుంచి కిందికి మన చేలు చాలావరకు వాలు నేలలే. చేను పొడవు వాలువైపు ఉందని, మలుపులు తగ్గుతాయని డ్రైవర్లు వాలు వెంబడే దున్నుతారు. అంగుళం వాన పడితే ఎకరం మీద లక్ష లీటర్ల నీళ్లు పడినట్టు. వాలు వెంబడి చాళ్లు ఉంటే ఆ నీళ్లకు మనమే కాలువలు తవ్వి ఇచ్చినట్టు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అవీ తుఫాన్లతో కుండపోతగా వస్తాయి. అడ్డదుక్కి వల్ల మలుపులు నాలుగు పెరిగితే పెరగనీ. కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలకు పొగాకు పంపే రైతుకైనా, సజ్జ, మినుము వేసే రైతుకైనా ఆ నీళ్లే పెట్టుబడి.

మనం అడగాల్సింది

యంత్రాలకు సబ్సిడీలు కొత్త కాదు. కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ మొదలుపెట్టింది. రాష్ట్రంలో 2022లో యంత్రసేవ పేరుతో రైతు గ్రూపులకు 40 శాతం సబ్సిడీ మీద ట్రాక్టర్లు, పనిముట్లు ఇచ్చారు. ఇనుము ఊళ్లకు వచ్చింది. దాన్ని వాడే విద్య రాలేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. మన సీతారామపురం, వరికుంటపాడు డ్రైవర్ రోజుకూలీ వదులుకుని కడప జిల్లా దాటి అక్కడికి ఎప్పుడు పోతాడు? విద్యే ఊరికి రావాలి.

అందుకే మన సంఘం ఈ నాలుగు కోరాలని నా అభిప్రాయం.

ఒకటి, సబ్సిడీతో అమ్మిన ప్రతి నాగలినీ కొన్న రైతు చేలో బిగించి, దున్ని చూపించాకే సబ్సిడీ సొమ్ము విడుదల చెయ్యాలి.

రెండు, దుక్కుల సీజన్‌కు ముందు ప్రతి మండలంలో నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రం, రైతు సేవా కేంద్రాలు కలిసి డ్రైవర్లకు ఒక రోజు చేలోనే శిక్షణ ఇవ్వాలి. ఆ రోజు కూలీ డ్రైవర్‌కు చెల్లించాలి. కూలీ లేని శిక్షణకు ఎవరూ రారు.

మూడు, ప్రభుత్వ సాయం పొందిన గ్రూపుల బాడుగ ఎకరం లెక్కన ఉండాలి. ఎంత లోతు అన్నది రసీదు మీద రాయాలి.

నాలుగు, ఈ యంత్రాలు కౌలు రైతుకూ అదే ధరకు, అదే వరుసలో అందాలి. భూమి పేరు మీద లేదని వెనక్కి నెడితే పదును పోతుంది. పదును పోతే కౌలు రైతుకు ఆ ఏడాది పోయినట్టే.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊరుకోవాల్సిన పని లేదు. ఈసారి ట్రాక్టర్ చేలో దిగినప్పుడు గట్టు మీద కూర్చోవద్దు. ఒక అడుగు పుల్ల మీద అంగుళాలు గీసుకుని వెంట నడవండి. మొదటి రెండు తిరుగుళ్లు అయ్యాక బండి ఆపించి, నాలుగు చోట్ల గుచ్చి చూడండి. చాళ్లకూ చాళ్లకూ అంగుళానికి మించి తేడా ఉంటే, "తమ్ముడూ, ఒక్క పది నిమిషాలు ఆపు, సరిచేసుకుందాం" అనండి. ఆ పది నిమిషాల బాడుగ మనమే ఇద్దాం. మేడి మీద చెయ్యి లేకపోయినా, చేను మీద కన్ను మనదే ఉండాలి.